పిచ్ మార్చగలిగే పాత చెక్క ప్రొపెల్లర్‌ను బెజవాడ ఎండవానల్లో కాపాడుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మన వైపు అందరూ ఎరిగినదే. రాయే పగిలే ఎండలో చెక్క ఎంతగా కుంచించుకుపోతుందో, మృగశిర ప్రవేశించి నాలుగు వానలు పడగానే అదే చెక్క ఎంతగా ఉబ్బుతుందో చూడాలంటే ఎక్కడికీ వెళ్లనవసరం లేదు. మే నెలలో గాలికి టపటప కొట్టుకొనే పెరటి తలుపును ఆగస్టులో మూయాలంటే భుజం ఆనించవలసి వస్తుంది. తలుపు అయితే వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించుకొంటాము. నిమిషానికి 2,600 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ విషయంలో ఆ వీలు లేదు. కనుక విజయవాడ, గుంటూరు ప్రాంతాల వాతావరణంలో పాత తేలికపాటి విమానాన్ని ఉంచుకొన్నవారు, అలాంటి విమానం మీద పని నేర్చుకొంటున్న విద్యార్థులు ఏయే పనులు, ఏ క్రమంలో, ఏ కాలంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పిచ్ అంటే బ్లేడు తాను తిరిగే తలానికి ఎంత ఏటవాలుగా నిలిచిందో తెలిపే కోణం. ముందుగా ఒక తేడాను స్పష్టంగా గ్రహించండి. టైగర్ మాత్ వంటి విమానాలకు ఉండే స్థిర పిచ్ చెక్క ప్రొపెల్లర్‌లో నడిమి భాగం కూడా చెక్కే. అది ఉక్కు పళ్లేల మధ్య బోల్టులతో బిగిసి ఉంటుంది కాబట్టి, చెక్క ఎండితే బోల్టు వదులవుతుంది, ఉబ్బితే పళ్లెం కింద చెక్క నలుగుతుంది. ఆ మార్పు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి పెట్టగానే చేతికి తెలిసిపోతుంది. పిచ్ మార్చగలిగే ప్రొపెల్లర్ నిర్మాణం వేరు. చాలా నమూనాల్లో బ్లేళ్లను పట్టుకొనే నడిమి భాగం, అంటే హబ్, ఉక్కుతో చేసినది, ఇంజను షాఫ్టుతో దాని అతుకు లోహానికీ లోహానికీ మధ్యనే ఉంటుంది. చెక్క బ్లేడు మొదలు మాత్రం గొట్టం వంటి ఒక లోహపు తొడుగులో, అంటే స్లీవులో దిగి, చెక్కలోకి దిగే పొడవాటి లాగ్ స్క్రూల పట్టుతో నిలుస్తుంది. ఎండవానల ఆటంతా ఆ స్లీవు లోపల, కంటికి కనబడని చోట సాగుతుంది. హబ్ బోల్టులు ఏడాది పొడుగునా గట్టిగానే ఉండి, చూసేవారికి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, లోపల బ్లేడు పట్టు మాత్రం సడలుతూ ఉండవచ్చు. కాబట్టి మీరు చేసే తనిఖీ ఎక్కడ మొదలైనా స్లీవు అంచు దగ్గరికి రాకుండా ముగియకూడదు.

ఆ పట్టు మోసే భారం ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. బ్లేడు బరువు 3 కిలోలనీ, దాని గరిమనాభి షాఫ్ట్ నడుమ నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకొంటే, 2,600 చుట్ల వేగంలో ఆ బ్లేడును బయటికి లాగే బలం దాదాపు 8 టన్నులు. సరుకుతో నిండిన లారీ ఒకటి ఆ స్క్రూలకు వేలాడుతున్నదనుకోండి.

మీ దగ్గర ఉన్నది ఏ రకం?

పిచ్ మార్చే పద్ధతిని బట్టి పని మారుతుంది. నేల మీద, ఇంజను ఆపి, క్లాంపు వదులుచేసి బ్లేడును తిప్పి మళ్లీ బిగించేది మొదటి రకం. గాలిలో ఉండగా పైలట్ గానీ, ఇంజను చుట్లను నిలకడగా ఉంచే గవర్నర్ అనే పరికరం గానీ మార్చేది రెండవది: 1947లో వచ్చిన తొలి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలకు విద్యుత్ మోటారుతో పిచ్ మారే చెక్క బ్లేళ్ల ప్రొపెల్లర్ ఉండేది. యాక్-52 విమానానికి అమర్చే వి-530 ప్రొపెల్లర్‌లో నూనె పీడనం బ్లేళ్లను పల్చని (తక్కువ కోణపు) పిచ్ వైపు, బ్లేళ్ల మొదళ్ల దగ్గరి బరువు గుండ్లు మందపు (ఎక్కువ కోణపు) పిచ్ వైపు నెడతాయి. మూడవది అమెరికాలో కాపర్స్ సంస్థ తయారుచేసిన ఏరోమ్యాటిక్ వంటిది. దానికి పైలట్ చేయి గానీ గవర్నర్ గానీ అవసరం లేదు, బ్లేళ్ల మీద గాలి బలానికీ బరువు గుండ్ల లాగుడుకూ మధ్య కుదిరే తూకాన్ని బట్టి పిచ్ తనంతట తానే సర్దుకొంటుంది. ఈ మూడింటిలోనూ హబ్ లోపలి పని వేరు, చెక్క పని మాత్రం ఒకటే.

ఇక్కడే ఒక హద్దు గీయాలి. కడగడం, చూడడం, కొలవడం, రాసిపెట్టడం, సరిగా నిలపడం యజమాని చేయగలిగిన పనులు. బోల్టులు బిగించడం, పిచ్ మార్చడం, చెక్కకు మరమ్మతు చేయడం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు గల ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) చేతి మీదుగా, ఆయన సంతకంతో జరగాలి. హబ్ విప్పడం, స్లీవు తీయడం ఆమోదం పొందిన ప్రొపెల్లర్ వర్క్‌షాపు పని. మన ఆటోనగర్‌లో లారీ గేరుబాక్సును కళ్లు మూసుకొని విప్పి బిగించగల పనివారున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవమే గానీ, స్లీవును లేతు మీద పెట్టించడానికి మాత్రం అక్కడికి తీసుకువెళ్లకండి.

కాగితాలు, ఆ తరువాత మాగ్నెటో

పనిముట్టు పట్టడానికి ముందు ప్రొపెల్లర్ లాగ్‌బుక్ తెరవండి. హబ్ మీద, ఒక్కొక్క స్లీవు మీద చెక్కి ఉన్న క్రమసంఖ్యలు లాగ్‌బుక్‌లోని సంఖ్యలతో సరిపోతున్నాయో లేదో చూడండి. చెక్క బ్లేళ్లు బరువులోనూ తూకంలోనూ జతగా తయారవుతాయి కాబట్టి, మధ్యలో ఎవరో ఒక బ్లేడును మాత్రమే మార్చి ఉంటే ఆ సంగతి ఇక్కడే బయటపడాలి. మీ నమూనాకు వర్తించే ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివులను, అంటే భద్రత కోసం తప్పక పాటించవలసిన ఆదేశాలను కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

తరువాత విమానం చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఇంధనం ఆపి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో స్విచ్చు కట్టేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. అయినా ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగవచ్చుననే భావించండి. మాగ్నెటోను ఆపడమంటే దానిని ఒక తీగ ద్వారా ఎర్త్ చేయడమే కాబట్టి, ఆ తీగ ఎక్కడైనా తెగి ఉంటే స్విచ్చు కట్టేసినా మాగ్నెటో బతికే ఉంటుంది, చేత్తో ప్రొపెల్లర్‌ను కొద్దిగా తిప్పినా ఇంజను అందుకోవచ్చు. అందువల్ల స్పార్క్ ప్లగ్గుల తీగలు ఊడదీసిన తరువాతే బ్లేళ్ల మధ్యకు చేయి పోనివ్వండి.

కడగడం

గోరువెచ్చని నీటిలో కొద్దిగా మెత్తని సబ్బు కలిపి, బాగా పిండిన నూలుగుడ్డతో మొదలు నుంచి కొన వైపు తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తండి. కార్లు కడిగే ప్రెషర్ పంపు, పెట్రోలు, సోడా కలిసిన పొడులు వద్దు. పంపు నీటిని స్లీవు అంచులోకి కొడుతుంది, పెట్రోలు వార్నిష్‌ను మెత్తబరుస్తుంది. ఆరిన తరువాత కార్లకు వాడే మైనం పలుచగా పట్టించవచ్చు, కొన దగ్గరి సన్నని రంధ్రాలలోకి మాత్రం అది పోకూడదు. కడిగే పని పురుగుల మరకలు పోగొట్టడానికి మాత్రమే కాదు, కడుగుతున్నంతసేపూ మీ వేళ్లు బ్లేడు అంగుళం అంగుళాన్నీ తడుముతాయి, నేను పట్టుకొన్న లోపాలలో ఎక్కువ భాగం కంటికంటే ముందు వేలికే తగిలాయి.

కంటితో, గోటితో, నాణెంతో

బ్లేడును నీడలో ఉంచి, టార్చి లైటును ఎదురుగా కాక పక్కవాటుగా, దాదాపు ఉపరితలానికి ఆనించినట్టు పట్టుకొని వేయండి. అప్పుడు వెంట్రుకంత బీట కూడా నీడ గీసి తనను తాను చూపుతుంది. చెక్క నార వెంట పోయే సన్నని, చిన్న బీటలు ఎండకాలంలో సాధారణమే, వాటిని రాసిపెట్టి గమనించవచ్చు. నారకు అడ్డంగా పోయే గాటు అలాంటిది కాదు. తాడులోని పోగులను తెంపినట్టు, బ్లేడును మోసే నారలనే అది తెంపుతుంది. లోతైన అడ్డగాటు, చీలిన బ్లేడు, విడిపోయిన పొరలు, వంకరపోయిన ఆకారం, కనిపించేంతగా ఊడిపోయిన ముక్క, స్లీవుకు బీట, తెగిన లాగ్ స్క్రూ: వీటిలో ఏది కనబడినా ఆ బ్లేడు ఎగరడానికి పనికిరాదు. అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 1998లో వెలువరించిన ఏసీ 43.13-1బి అనే సలహా సంచికలోని 8వ అధ్యాయం ఇటువంటి లోపాలను వరుసగా పేర్కొంటుంది, దానిని అచ్చు తీసి హ్యాంగరు గోడకు అంటించుకోవడం మంచిది.

పొరలు విడిపోయాయేమో తెలుసుకోవడానికి రూపాయి నాణెంతో బ్లేడు పొడవునా రెండంగుళాలకు ఒకసారి మెల్లగా తట్టండి. మంచి చెక్క ఖంగుమంటుంది, లోపల జిగురు వదిలిన చోట శబ్దం డొల్లగా, మూసుకుపోయినట్టు వస్తుంది. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు వేలితో మీటి చూసే పద్ధతే ఇది. అనుమానం వచ్చిన చోటును చాక్‌పీసుతో చుట్టుగీసి, రెండవ బ్లేడులో అదే దూరంలో తట్టి పోల్చుకోండి.

ముందంచుకు తొడిగిన ఇత్తడి లేదా స్టీలు రేకును గోటితో గీకుతూ పోండి. రేకు ఎక్కడైనా కదిలిందా, స్క్రూ తలల మీది సీసపు పూత పగిలిందా, రివెట్టు పైకి లేచిందా అని చూడాలి. రేకు వదులైతే దాని కిందికి నీరు చేరుతుంది. ఆ నీరు బయటికి పోవడానికే కొనల దగ్గర సూది మొనంత రంధ్రాలు ఉంటాయి, తిరిగేటప్పుడు లోపలి తేమ వాటి గుండా చిమ్ముకుపోతుంది. అవి మైనంతోనో, వార్నిష్‌తోనో, మన రోడ్ల దుమ్ముతోనో పూడిపోయి ఉంటే, తగిన సన్నని తీగతో చెక్కను గీరకుండా శుభ్రం చేయండి. హబ్ మూలల్లో, దాని ముందుండే స్పిన్నరు అనే టోపీ లోపల కందిరీగలు మట్టిగూళ్లు కట్టడం మన హ్యాంగర్లలో మామూలే, అవి ఒక పక్కనే ఉంటే తూకమే మారిపోతుంది.

స్లీవు అంచు

ఇక అసలు చోటికి వద్దాము. చెక్క లోహంలోకి దిగే అంచు చుట్టూ వార్నిష్ అవిచ్ఛిన్నంగా ఉండాలి. అక్కడ వలయంలాగా ఒక సన్నని గీత కనబడితే, బ్లేడు ఎండి లోపల కుంచించుకుపోవడం వల్లనో, లేదా స్లీవులో బ్లేడు కదలడం వల్లనో పైపూత తెగిందన్నమాట. మొదటిది కాలం తెచ్చేది, రెండవది ప్రమాదం. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి.

తేడా తెలుసుకోవడానికి ఇలా చేయండి. ఒక చేతి బొటనవేలిని సగం స్లీవు మీద, సగం చెక్క మీద పడేటట్టు గీత మీద ఆనించండి. రెండవ చేత్తో బ్లేడు కొనను పట్టుకొని ముందుకూ వెనుకకూ, తరువాత పైకీ కిందికీ నెమ్మదిగా ఊపండి, బలప్రయోగం వద్దు. హబ్‌లోని బేరింగు ఆట ఉంటే స్లీవూ చెక్కా కలిసి కదులుతాయి, వేలికి గీత దగ్గర ఏమీ తెలియదు. స్లీవు నిలకడగా ఉండి చెక్క మాత్రమే కదిలితే, వేలి కింద చీమ పాకినంత కదలిక తెలుస్తుంది. అది తెలిస్తే పని అక్కడితో ఆగిపోవాలి. ఆ ప్రొపెల్లర్ విప్పి వర్క్‌షాపుకు వెళ్లవలసినదే.

కదలిక ఏమీ లేదనిపిస్తే, ఆ గీత పొడవును కొలిచి, పెన్సిలుతో రెండు చివరలా గుర్తుపెట్టి, తేదీతో లాగ్‌బుక్‌లో రాసి ఏఎంఈకి చూపండి. ఈ గుర్తు పెట్టే అలవాటు నాకు ఒక తప్పు వల్ల వచ్చింది. ఏళ్ల కిందట ఒక మే నెలలో అటువంటి గీతే కనబడితే, ఎండకు పూత పగిలిందని తేలికగా తీసుకొని, వార్నిష్ అద్ది మూసేశాను. మూడో ప్రయాణం తరువాత అదే చోట మళ్లీ తెగింది. ఈసారి గీత పక్కన కుంకుమ నలిపినట్టు సన్నని ఎర్రని మరక ఉంది. బ్లేడు విప్పించి చూస్తే లోపల రెండు స్క్రూలు తుప్పు పట్టి, వాటి చుట్టూ చెక్క నల్లబడి ఉంది. కిందటి వానాకాలం లోపలికి దిగిన నీరు ఎండాకాలానికి బయటపడడానికి ఇచ్చిన మొదటి గుర్తును నేనే నా చేత్తో పూసి మూసేశాను. అప్పటి నుంచి గీతను రాసిపెట్టకుండా, ఊపి చూడకుండా పూత ముట్టుకోను. ఎర్రని మరక కనబడితే ఊపి చూసే దాకా కూడా ఆగకుండా బ్లేడు విప్పిస్తాను.

స్లీవు దగ్గర కనబడే గ్రీజు మరకను కూడా చదవడం నేర్చుకోవాలి. హబ్ నుంచి కొన వైపు చారలుగా చిమ్మిన గ్రీజు సీలు అరిగిందనో, గ్రీజు ఎక్కువ కొట్టారనో చెబుతుంది. గ్రీజు గన్ను చేతికొచ్చింది కదా అని నిండా కొట్టడం మంచిది కాదు, ఎక్కువైన గ్రీజు తిరుగుడుకు బయటికే వస్తుంది, వచ్చినది చెక్కలోకి ఇంకితే ఆ తరువాత అక్కడ ఏ జిగురూ ఏ పూతా సరిగా పట్టదు. తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన రకమే, చెప్పినంతే వాడాలి, రెండు రకాల గ్రీజులను కలపకూడదు.

పిచ్ కొలవడం

నేల మీద సర్దే రకంలో ఈ పనికి ఓపిక కావాలి. బ్లేడు కోణం మొదలు నుంచి కొనకు మారుతూ పోతుంది కాబట్టి, హబ్ నడుమ నుంచి ఎంత దూరంలో కొలవాలో మాన్యువల్ చెబుతుంది. చాలా నమూనాల్లో అది వ్యాసార్ధంలో 75 శాతం దగ్గర ఉంటుంది. ఆ దూరాన్ని రెండు బ్లేళ్ల మీదా మెత్తని పెన్సిలుతో గుర్తించండి, మేకుతో గానీ సూదిమొనతో గానీ గీయకండి. విమానం తోకను ఎత్తి షాఫ్టును మట్టానికి తెస్తే మంచిది. లేకపోతే ముందు హబ్ ముఖం మీద కోణమాపకాన్ని సున్నా చేసుకొని, ఆ తరువాత బ్లేడు మీద పెట్టాలి. వన్‌టౌన్ పనిముట్ల దుకాణాల్లో దొరికే డిజిటల్ కోణమాపకం పరవాలేదు గానీ, ముందు దానిని మంచి రసమట్టంతో సరిచూసుకోండి. ఒక బ్లేడును అడ్డంగా నిలిపి కొలిచి, ప్రొపెల్లర్‌ను సగం చుట్టు తిప్పి రెండవ బ్లేడును సరిగ్గా అదే చోటికి తెచ్చి కొలవాలి. కొలిచే చోటు మారితే కొలతలను పోల్చడానికి వీలుండదు.

ఒక డిగ్రీ తేడా ఏం చేస్తుందో చూడండి. 1.8 మీటర్ల వ్యాసం గల ప్రొపెల్లర్‌కు 75 శాతం దగ్గర వ్యాసార్ధం 67.5 సెంటీమీటర్లు. అక్కడ కోణం 17 డిగ్రీలైతే ఒక చుట్టుకు లెక్క ప్రకారం దాదాపు 1.30 మీటర్లు, 18 డిగ్రీలైతే 1.38 మీటర్లు ముందుకు పోవాలి. అంటే ఒక బ్లేడు ప్రతి చుట్టులోనూ రెండవదాని కంటే 8 సెంటీమీటర్లు ముందుకు పోవడానికి పెనుగులాడుతుంది, ఆ పెనుగులాట మొత్తం వణుకుగా ఇంజను మౌంటుకూ పైలట్ మోకాళ్లకూ చేరుతుంది. మాన్యువల్ అనుమతించిన తేడా ఎంతైనా, రెండు బ్లేళ్ల మధ్య 0.2 డిగ్రీకి మించనివ్వకపోవడం నా పద్ధతి.

మార్చవలసి వస్తే ఏఎంఈ క్లాంపు వదులు చేసి, బ్లేడును మొదలు దగ్గర పట్టుకొని తిప్పాలి, కొన పట్టుకొని మెలిపెడితే ఆ బలం స్లీవు అతుకు మీద పడుతుంది. క్లాంపు బిగించేటప్పుడు బ్లేడు కొద్దిగా తిరగడం సహజం, అందుచేత బిగించిన తరువాత మళ్లీ కొలవాలి. రెండు మూడు సార్లు విప్పి బిగించవలసి రావచ్చు. చివరికి క్లాంపు మీదుగా బ్లేడు మీదికి సన్నని రంగు గీత ఒకటి గీసి పెడితే, తరువాతి తనిఖీలో బ్లేడు జరిగిందా లేదా అనేది ఒక చూపులో తెలుస్తుంది. గవర్నర్ ఉన్న రకాల్లోనూ, ఏరోమ్యాటిక్ వంటి వాటిలోనూ పిచ్ ఎంతవరకు మారి ఆగాలో నిర్ణయించే ఆపు కోణాలను, బరువు గుండ్లను మీరు ముట్టుకోవద్దు. గుండు బరువు పెంచితే పిచ్ మందమై చుట్లు తగ్గుతాయన్నంత వరకు తెలిసి ఉంటే, ఇంజను చుట్లు అందుకోవడం లేదని ఏఎంఈకి సరైన మాటల్లో చెప్పగలుగుతారు.

ట్రాక్, బోల్టులు

రెండు బ్లేళ్ల కొనలూ ఒకే దారిలో తిరుగుతున్నాయా అని చూడడమే ట్రాక్ తనిఖీ. కొనకు దగ్గరగా ఒక చెక్కదిమ్మనో, స్టూలునో కదలకుండా నిలిపి, ఒక బ్లేడు కొన ఎక్కడ వస్తుందో గీత గీయండి. ప్రొపెల్లర్‌ను తిప్పి రెండవ కొన ఎక్కడ వస్తుందో చూడండి. చెక్క ప్రొపెల్లర్‌కు ఈ తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. కిందటిసారి 1 మిల్లీమీటరు ఉన్నది ఇప్పుడు 2 అయితే, అది హద్దులోనే ఉన్నా సరే, స్లీవు అంచును మళ్లీ చూడండి.

స్థిర పిచ్ చెక్క ప్రొపెల్లర్ బోల్టులను మొదటి ప్రయాణం తరువాత, 25 గంటల తరువాత, ఆపైన ప్రతి 50 గంటలకు సరిచూడాలని ఏసీ 43.13-1బి చెబుతుంది. చెక్క మొదలును ఉక్కు హబ్ అర్ధభాగాలు నేరుగా పట్టుకొనే పాత నమూనా మీ దగ్గర ఉంటే, ఆ లెక్కకు తోడు కాలం మారినప్పుడల్లా ఒకసారి చూపించండి. ఉక్కు హబ్, స్లీవు ఉన్న రకానికి మాన్యువల్ చెప్పిన గడువు చాలు.

చిన్న మరమ్మతు, పూత

నార వెంట పోయే చిన్న బీటలోకి జిగురు బాగా ఎక్కించి, ఆరిన తరువాత ఉప్పుకాగితంతో నునుపు చేసి, పైన వార్నిష్ వేయడం అనుమతి ఉన్న మరమ్మతే. ఏ జిగురు అనేది మాన్యువల్ ప్రకారం ఏఎంఈ నిర్ణయిస్తారు. ఇంట్లో బీరువాలకూ మంచాలకూ వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు, అది తేమకు మెత్తబడుతుంది, ఎడతెగని బరువు కింద మెల్లగా జారుతుంది. కొండపల్లి బొమ్మలు చేసేవారు పొనికి చెక్కను తేమ పోయేదాకా ఆరబెట్టి గాని అతుకు పని మొదలుపెట్టరు, ఎంతో తేలికైన బొమ్మకే ఆ జాగ్రత్త ఉంటే, ప్రొపెల్లర్ సంగతి వేరే చెప్పాలా?

పూత వేయడానికి మన వైపు అనువైన కాలం సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు. వానాకాలంలో వేసిన వార్నిష్ తేమను లోపల పెట్టి మూత బిగించినట్టవుతుంది. పూత తేమను పూర్తిగా ఆపదు, దాని రాకపోకలను నెమ్మదింపజేస్తుంది, అంతే. గాలిలో తేమ 80 శాతం, వేడి 30 డిగ్రీలు ఉన్న రోజులు చాలాకాలం సాగితే చెక్క తన పొడి బరువులో 15-16 శాతం నీటిని పట్టుకొంటుంది, తేమ 40 శాతానికి పడిపోతే ఆ నీరు 7-8 శాతానికి దిగుతుంది. ఏ స్థితిలో పూత వేశామన్నది అందుకే ముఖ్యం.

రెండు బ్లేళ్లకూ సమానంగా వేయాలి, కంటి అంచనా చాలదు. వార్నిష్‌ను రెండు గిన్నెల్లోకి తూచి పోసుకొని, ఒక్కో గిన్నె ఒక్కో బ్లేడుకు వాడి, మిగిలినది మళ్లీ తూచండి. కొన దగ్గర, అంటే 90 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో, 10 గ్రాముల తేడా 2,600 చుట్ల వేగంలో 68 కిలోల మనిషి ఒక పక్కనే వేలాడినంత లాగుడు పుట్టిస్తుంది. పూత తరువాత కొన రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూసి, గాలి ఆడని గదిలో తూకం సరిచూపించాలి. తూకం సరిచేసే పని మాత్రం వర్క్‌షాపుకే వదలండి.

నిలపడం, దాచడం

ఎగరడం ముగియగానే ప్రొపెల్లర్‌ను నేలకు అడ్డంగా నిలపండి. నిలువుగా వదిలేస్తే తేమ కింది బ్లేడుకు దిగి అది బరువెక్కుతుంది. రెండు వారాలు నిలువుగా ఉన్న ప్రొపెల్లర్‌తో ఇంజను వేస్తే పుట్టే వణుకుకు కారణం ఇంజనులో వెతికి వెతికి అలసిపోయినవారిని నేను చూశాను. బ్లేళ్లకు తెల్లని నూలు కాన్వాసు తొడుగులు కుట్టించండి. ప్లాస్టిక్ పట్టా లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం వేడి బయటికంటే ఎక్కువ కాబట్టి, విప్పిన బ్లేళ్లను రేకుకు దగ్గరగా అటక మీద పెట్టకండి. గోడకు నిలువుగా ఆనించడమూ వద్దు, రెండు చోట్ల మెత్తని ఆసరా ఇచ్చి అడ్డంగా పడుకోబెట్టండి. ఆసరా దిమ్మల కాళ్లు నేలను తాకే చోట చెదలు ఎక్కుతున్నాయేమో వారానికోసారి చూడండి.

వానలో ఎగరడం తప్పనిసరి అయితే చుట్లు తగ్గించండి. 1.8 మీటర్ల ప్రొపెల్లర్ కొన 2,600 చుట్ల దగ్గర గంటకు దాదాపు 880 కిలోమీటర్ల వేగంతో చినుకును ఢీకొంటుంది, ఆ వేగంలో చినుకు కూడా ఇసుకరేణువు చేసే పనే చేస్తుంది. కంకర మీద నిలిచి ఇంజను జోరు పెంచకండి.

సంవత్సరంలో నాలుగుసార్లు, అంటే రోహిణి ముగిసే జూన్ మొదటి వారంలో, వానలు స్థిరపడిన ఆగస్టులో, స్వాతి కార్తె దాటిన నవంబరులో, శివరాత్రికి ముందు, స్లీవు గీత, ట్రాక్, కోణం మూడింటినీ కొలిచి ఒకే పేజీలో పక్కపక్కన రాయండి. జూన్‌లో కనబడిన గీత ఆగస్టులో మూసుకొని మళ్లీ వచ్చే జూన్‌లో అంతే పొడవున తెరుచుకొంటే అది చెక్క ఊపిరి, ఏడాదికేడాది పొడవు పెరుగుతుంటే బ్లేళ్లు రెండింటినీ, హబ్‌ను కలిపి ఒకే పెట్టెలో, అడ్డంగా, తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో సర్ది వర్క్‌షాపుకు పంపండి. ఆ పేజీ నకలు కూడా పెట్టెలో పెట్టండి, స్లీవు విప్పేవారికి ముందుగా కావలసింది అదే.